రెండు వేళ్ళ తేడా

గట్టు కట్టిన 41వ ఏడు, 203వ రోజు
నీళ్ళు: నాలుగు చెంబులు.

మట్టి పనికి నీళ్ళు వాడేవాళ్ళు ఏ రోజుకారోజు ఇలా రాసి, నెల తిరిగేసరికి పుస్తకం కొలతల కార్యాలయంలో చూపించాలి. గట్టుపేటలో ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను. చదివేవాళ్ళెవరో తెలియదు. చదువుతారన్న నమ్మకమూ లేదు. ఒకసారి ఒళ్ళు మండి, మా గురువుగారి కోపం గురించి రెండు పేజీలు రాసి ఇచ్చాను. కింద ‘సరి’ అని ముద్ర వేసి తిరిగిచ్చారు. అప్పటినుంచి నాకు తోచింది రాస్తున్నాను.

పేరు నూకరత్నం. వయసు అరవై ఒకటి. మనుషుల బొమ్మలు చేస్తాను. దేవుళ్ళను చెయ్యను, గుర్రాలను చెయ్యను. మనిషి రెండు కాళ్ళ మీద ఎలా నిలబడతాడన్నది ఒక్కటే నా చదువు. అదింకా పూర్తి కాలేదు.

ఇవాళ కార్యాలయం నుంచి ఇందుశేఖర్ గారు వచ్చారు. కొలతల విభాగానికి ఆయనే పెద్ద. సముద్రం లేచే కాలం, అలల కారు, మొదలయ్యేలోపు సముద్రపు గట్టు మీద కొత్త బొమ్మ నిలబెట్టాలట, రాళ్ళు మోసే మనిషిది. రాళ్ళు మోసేవాళ్ళందరి కొలతల కాగితాలు తెచ్చి నా బల్ల మీద, సరిగ్గా తడి మట్టి ఉన్నచోటే పెట్టారు.

“ఎదురుగా మనిషెందుకండీ రత్నమ్మగారూ? కొలగది కొలతలున్నాయిగా. వెంట్రుకవాసి తేడా రాదు.”

ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏడాదికోసారి ఆ అద్దాల గదిలో నిలబడి దీపాల చేత ఒళ్ళు కొలిపించుకుంటారు. మోత చొక్కాలు తయారయ్యేది ఆ కొలతలతోనే. చొక్కాలు చేసుకోండి, నాకభ్యంతరం లేదు. నాకు మాత్రం మనిషే కావాలన్నాను. పాతకాలపు మొండిది అన్నట్టు ఆయన ఓపిగ్గా నవ్వారు. కాగితాలకు మట్టి అంటితే మాత్రం ముఖం చిట్లించారు.

205వ రోజు
నీళ్ళు: నాలుగు చెంబులు.

గవిరయ్యను పిలిపించాను. పన్నెండేళ్ళ కిందట ‘నిలబడ్డ మనిషి’ బొమ్మకు నా ఎదుట నిలబడింది అతనే. కార్యాలయం గుమ్మంలో ఉన్న కంచు బొమ్మ అది. నాకు పేరు తెచ్చింది కూడా అదే. అప్పటికతనికి ఇరవై ఆరేళ్ళు. గట్టుకు రాళ్ళు మోయడం అప్పటికే పదేళ్ళ పని.

“ఏటప్పా, మళ్ళీ నన్నే నిలబెడతావా? ఊళ్ళో మరి మొగోళ్ళు నేరా?” అంటూ వచ్చాడు. అక్కను వాళ్ళు అప్ప అంటారు.

లోపలికి రాగానే మోత చొక్కా విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. ఇనప పక్కటెముకలు, తీగలు, భుజాల మీద రెండు పట్టెలు. అది తొడుక్కుంటే నలుగురు ఎత్తాల్సిన రాయిని ఒకడే ఎత్తుతాడు. వేరే యంత్రాలేవీ ఈ ఉప్పుగాలికి రెండు నెలలు కూడా ఆగవు గనక రాళ్ళ పని ఇంకా మనుషుల మీదే నడుస్తోంది. విప్పగానే కుడివైపు మెడ మొదట్లో వంగపండు రంగు చార కనబడింది. అరచెయ్యంత పొడుగుంది.

అదేమిటన్నాను. “చొక్కా ముద్దెట్టుకుంటాది” అన్నాడు. టీ ఇస్తే ఎడమ చేత్తో అందుకున్నాడు. గవిరయ్యది కుడిచేతి వాటం. నాకు బాగా గుర్తు.

207వ రోజు
నీళ్ళు: అయిదు చెంబులు. నా వంతుకు ఒకటి ఎక్కువ, తెలుసు.

బొమ్మ నిలబడింది. నడుము కుదిరింది, మోకాళ్ళు కుదిరాయి. భుజాలు మాత్రం కొలగది కాగితాల్లోని గవిరయ్య కొలతలతో కలవడం లేదు. కాగితం ప్రకారం రెండు భుజాలూ ఒకే ఎత్తు. నా మట్టిలో కుడి భుజం రెండు వేళ్ళు కిందికి ఉంది.

మొదట నా చేతులనే అనుమానించాను. అరవై దాటిన చేతులు కదా. తర్వాత ముడులేసిన దారం తీసి గవిరయ్య ఒంటి మీదే కొలిచాను. నేల నుంచి ఎడమ భుజానికి, నేల నుంచి కుడి భుజానికి. కూర్చోబెట్టి కొలిచాను, గోడకు ఆనించి కొలిచాను. ఏడుసార్లు. రెండు వేళ్ళు.

మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. భుజం కిందికి ఉంది. కాగితం లేదంటోంది!

208వ రోజు
నీళ్ళు: మూడు చెంబులు.

అడగ్గా అడగ్గా చెప్పాడు. కుడిచేతి వేళ్ళకు ఏడాదిగా స్పర్శ లేదు. చొక్కా తొడుక్కున్న గంటకే అది దిగిన భుజం వైపుకు ఒరుగుతుంది; కుడి పట్టె మెడలోకి దిగుతుంది, ఎడమ పట్టె గాల్లోకి లేస్తుంది. బరువంతా ఒకవైపే. మధ్యాహ్నానికి చెయ్యి తనది కానట్టు వేలాడుతుంది.

“చొక్కా మార్చమని రాసివ్వలేదా?”

“మూడుసార్లు రాసిచ్చినానప్పా. మూడుసార్లూ కొలగదిలో నిలబెట్టీసినారు.” మడిచిన కాగితం చూపించాడు. ‘ఒళ్ళు మూలమూర్తితో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు సరిపోయింది. చొక్కాలో లోపం లేదు. ఫిర్యాదు నిరాధారం.’

220వ రోజున అతని జట్టు గట్టు పైకి ఎక్కుతుంది. నలభై మంది. అలలు లేచేలోపు పై వరుస రాళ్ళు కూర్చాలి. కింద సముద్రం, నడుముకో తాడు. తాడు పట్టుకోవాల్సింది చేత్తోనే కదా.

“నిరుడు అసిరిగాడు కూడా ఇలాగే సెయ్యి ఒగ్గేసినాడు” అన్నాడు గవిరయ్య. అసిరి పైనుంచి పడి చనిపోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. ‘అజాగ్రత్త’ అని రాశారు. అతని ఇంటి తలుపు మీద కూడా అదే కాగితం అంటించారు. పెళ్ళాం రోజూ ఆ తలుపు తీసుకునే నీళ్ళకు వెళ్ళాలి.

మట్టి ముట్టుకోబుద్ధి కాలేదు. కోపంతో బొమ్మ మీద తడిగుడ్డ కప్పేశాను.

210వ రోజు
నీళ్ళు: వాడలేదు.

కార్యాలయానికి వెళ్ళాను. నా ముడుల దారం తీసుకెళ్ళాను. ఇందుశేఖర్ గారు కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

“మీరు కొలిచింది తప్పని అనను రత్నమ్మగారూ. కానీ మనిషి ఊగుతాడు. ఊపిరి పీలుస్తాడు, కాలు మార్చుకుంటాడు. దీపాలు ఆ ఊగుడంతా తీసేసి అసలు ఒంటిని పట్టుకుంటాయి.”

“ఏది ఊగుడో, ఏది ఒళ్ళో దానికెలా తెలుసు?”

“మూలమూర్తితో పోల్చి చూస్తుంది. అయిదు వేళ్ళలోపు తేడా ఏదైనా ఊగుడే.”

“ఎవరా మూలమూర్తి?”

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. “అదేమిటండీ, మీరు చేసిందేగా! మీకు చెప్పలేదా?”

చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళారు. పన్నెండేళ్ళ కిందట దీపాలకు మొదటి పాఠం చెప్పాలంటే ఒక ఒళ్ళు తొమ్మిది గంటలు కదలకుండా నిలబడాల్సి వచ్చిందట. ఏ మనిషీ నిలబడలేకపోయాడు. ఒకరికి తుమ్ము, ఒకరికి దురద. అప్పుడు ఎవరికో గుమ్మంలోని కంచు బొమ్మ గుర్తొచ్చింది. ఎలాగూ రాళ్ళు మోసే మనిషిదే, ఎలాగూ గొప్ప బొమ్మే అని దాన్ని మోసుకెళ్ళి దీపాల మధ్య నిలబెట్టారు.

“ఈ ఊళ్ళో ఎనిమిది వందల చొక్కాలు మీ చేతి చలవే” అన్నారు ఇందుశేఖర్ గారు. నన్ను సంతోషపెట్టాలనే అన్నారు.

బొమ్మ వైపు చూశాను. రెండు భుజాలూ గీత గీసినట్టున్నాయి.

211వ రోజు
నీళ్ళు: వాడలేదు.

అటక మీంచి పాత పుస్తకాలు దించాను. దొరికింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

‘29వ ఏడు, 88వ రోజు. నీళ్ళు: ఆరు చెంబులు. రసమట్టం పెట్టాను. గవిరయ్య కుడి భుజం రెండు వేళ్ళు దిగి ఉంది. మట్టి పెట్టి లేపాను, ఎడమ భుజం చెక్కతో తట్టాను. బుడగ మధ్యకు వచ్చింది. ఇప్పుడు బాగుంది.’ కింద కార్యాలయం ముద్ర: ‘సరి’.

మా గురువుగారి పనిశాలలో అది ఆచారం. నిలబడ్డ బొమ్మ పూర్తయిన రోజున భుజాల మీద తాపీమేస్త్రీల రసమట్టం అడ్డంగా పెట్టేవారు. గాజుగొట్టంలో బుడగ మధ్యకు వచ్చేదాకా చెక్కతో తట్టేవారు. బుడగ కుదిరాక బొమ్మకు దండం పెట్టి, అందరికీ బెల్లం ముక్క పంచేవారు. భుజం మట్టం కాని బొమ్మను బట్టీలో పెట్టనిచ్చేవారు కాదు. ఎందుకని ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు. బెల్లం తిన్నాను.

పదహారో ఏట నుంచి కుడి భుజాన రాయి మోసిన ఒళ్ళు అది. ఆ రెండు వేళ్ళూ అతని పదేళ్ళ బతుకు. మనిషి ఎలా నిలబడతాడో చదువుతున్నానని చెప్పుకునే దాన్ని, నిలబడి చూపించినవాణ్ణి చెక్కతో తట్టి సరిచేశాను! ‘ఇప్పుడు బాగుంది’ అట. నా నోటికి నిప్పెట్ట!

ఆ తప్పును పన్నెండేళ్ళుగా ఎనిమిది వందల మందికి తొడుగుతున్నారు. తొడిగినవాళ్ళ మీద నాకున్న కోపం తగ్గలేదు. బొమ్మ కదలదు కాబట్టి అది నిజమట, మనిషి కదులుతాడు కాబట్టి అబద్ధమట. అయినా ఆ బొమ్మను వాళ్ళకిచ్చింది నేను.

213వ రోజు
నీళ్ళు: నాలుగు చెంబులు.

గవిరయ్యకు చెప్పాను. పుస్తకం చదివి వినిపించాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

“నానప్పుడే సూసినానప్పా” అన్నాడు. “వంకర తీసీసినావు. మా ఆడది కూడా సూసి మురిసిపోనాది. మా ఆయన్నెంత బాగా సేసిందో ఆవిడ అని పదిమందికీ సెప్పుకుంది. మరి నానేటంతాను?”

నేను ఏడ్చాను. అతను ఎడమ చేత్తో నా వీపు నిమిరాడు. తర్వాత మళ్ళీ నిలబడ్డాడు, నేను మళ్ళీ చేశాను. ఈసారి రసమట్టం పెట్టెలోంచి తియ్యలేదు. భుజం ఎక్కడుంటే అక్కడే చేశాను. దిగిన భుజానికి తగ్గట్టు మెడ కాస్త ఎడమకు వాలుతుంది, ఆ వాలుకు నడుము బదులు చెబుతుంది, నడుముకు ఎడమ పాదం. ఒళ్ళంతా ఒకదానితో ఒకటి మాట్లాడుకుని నిలబడుతుంది. నలభై ఏళ్ళ పనిలో ఇంత మంచి బొమ్మ నా చేతి కింద లేవలేదు.

గవిరయ్య చేత నాలుగోసారి ఫిర్యాదు పెట్టించాను. ఎల్లుండి విచారణ. ఈ మట్టి బొమ్మే సాక్ష్యం.

215వ రోజు
నీళ్ళు: రెండు చెంబులు, తడిగుడ్డకు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఎందుకంటే కార్యాలయం వాళ్ళు వేరేలా రాస్తారు.

పొద్దున పదింటికి కార్యాలయం వసారాలో విచారణ. ఇందుశేఖర్ గారు, ఆయనతో ఇంకో ఇద్దరు. గవిరయ్య జట్టు నలభై మందీ వచ్చారు. ముందు నా పాత పుస్తకం ఇచ్చాను. మట్టిపనివాళ్ళ రాతలు చెల్లవన్నాడు ఒకాయన. “ముద్ర మీదే” అన్నాను. పుస్తకం తీసుకున్నాడు.

తర్వాత గవిరయ్య చొక్కా విప్పించి గుమ్మంలోని కంచు బొమ్మకు తొడిగాను. పట్టెలు రెండు భుజాల మీదా కూర్చున్నాయి. మధ్యలో గోరు దూరే సందు లేదు. “ఎంత చక్కగా పట్టిందో చూడండి!” అన్నారు ఇందుశేఖర్ గారు, మెచ్చుకోలుగా.

“పట్టదూ మరి? దీని కోసం కుట్టిందే” అన్నాను. “ఈ ఊళ్ళో మీ చొక్కా సరిపోయే ఒళ్ళు ఇదొక్కటే. ఇది రాయి మోయదు.”

చొక్కా తీసి మట్టి బొమ్మకు తొడిగాను. దిగిన భుజం వైపుకు ఒరిగింది. ఎడమ పట్టె కింద రెండు వేళ్ళు పట్టాయి. కుడి పట్టె బరువుకు తడి మట్టిలోకి దిగబడింది. చొక్కా తీసేసరికి మెడ మొదట్లో అరచెయ్యంత గాడి. గవిరయ్యను పిలిచి పక్కన నిలబెట్టాను. అతని మెడ మీద చార, మట్టి మీద గాడి. ఒకే చోట, ఒకే పొడుగు.

ముగ్గురూ లోపలికి వెళ్ళి వచ్చారు. ఇందుశేఖర్ గారి ముఖం తేటపడి ఉంది.

“పొరపాటు జరిగింది. ఒప్పుకుంటున్నాం. రత్నమ్మగారి కొత్త బొమ్మనే ఇకమీదట మూలమూర్తిగా తీసుకుంటాం. రేపే దీపాల ముందు పెడతాం. ఎనిమిది వందల చొక్కాలూ దీని ప్రకారం మార్పిస్తాం. గవిరయ్యకు న్యాయం జరిగినట్టే.”

ఎదురుగా నలభై మంది. జట్టులోని సూరీడమ్మకు దిగినది ఎడమ భుజం. ఆమె పక్కనున్న పొడుగు మనిషికి వీపు గూని. అందరికీ గవిరయ్య వంకర తొడుగుతారట! వీళ్ళకు ఇంకా అర్థం కాలేదు. నేను చెప్పబోయేంతలో గవిరయ్య ముందుకొచ్చాడు.

“వద్దు బాబూ. నా ఒంటిని అందరికీ తొడగొద్దు. నాకు నొప్పెట్టింది సాలు.”

“నీ మేలు కోసమేనయ్యా. ఇది ఒప్పుకోకపోతే నీ ఫిర్యాదుకు ఇంకో దారి లేదు. అయిదు రోజుల్లో నువ్వు పైకెక్కాలి.”

గవిరయ్య వాళ్ళ వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. “ఇరగ్గొట్టీయప్పా” అన్నాడు.

నా జన్మలో అంత మంచి బొమ్మ చెయ్యలేదని పైన రాశాను. రెండు చేతులూ భుజాల మీద పెట్టి కిందికి లాగాను. మెడ వరకూ వచ్చేసింది. మట్టి కదా, చప్పుడు కూడా కాలేదు.

సాక్ష్యాన్ని నేనే పాడు చేశానని రాసుకున్నారు. గవిరయ్య తన చొక్కా తీసి కంచు బొమ్మ పాదాల దగ్గర పెట్టి, పక్కన కూర్చున్నాడు. సూరీడమ్మ తన చొక్కా విప్పింది. “నాదీ తియ్యండి. దీనికే తొడగండి, ఇదే మోత్తాది” అంది. సాయంత్రానికి కంచు బొమ్మ మోకాళ్ళ దాకా చొక్కాలు.

219వ రోజు
నీళ్ళు: ఇరవై ఆరు చెంబులు. నా వంతు నాలుగు. మిగతావి ఎవరెవరు తమ తాగే నీళ్ళలోంచి తెచ్చి పోశారో రాయను. అడగొద్దు.

నాలుగు రోజులుగా కార్యాలయం గుమ్మంలోనే మట్టి తొట్టె పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరూ వచ్చి పీట మీద నిలబడతారు. ముందు భుజాల మీద రసమట్టం పెడతాను. బుడగ ఎక్కడుంటే అక్కడ ఉన్నట్టు రాస్తాను, చెక్క ముట్టుకోను. తర్వాత మందంగా మట్టి పరిచి, దాని మీద చొక్కా తొడిగి, విప్పి, ఆ మట్టిని జాగ్రత్తగా ఎత్తి ఆరబెడతాను. ఎక్కడ పల్చనో ఎక్కడ మందమో అదే చెబుతుంది. చొక్కాలు బాగుచేసే మస్తాన్ దాని ప్రకారం పట్టెల కింద కొబ్బరి పీచు మెత్తలు కుడుతున్నాడు. ఇప్పటికి అరవై మూడు మంది. బుడగ మధ్యలో నిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు.

రాళ్ళ పని ఆగింది. సముద్రం ఆగదు గనక నిన్న ఉత్తరువు వచ్చింది. ‘ఊగుడు ఎక్కువగా గల వ్యక్తుల సౌకర్యార్థం మెత్తలు తాత్కాలికంగా అనుమతించడమైనది. గవిరయ్య అను వ్యక్తికి ఈ కారుకు కింది పని.’ ఇంకా ఊగుడే అంటున్నారు! మెడలో గాడి చూశాక కూడా! అసిరి తలుపు మీద కాగితం ఇంకా ఉంది. అది తీసేదాకా ఈ గుమ్మం వదలనని ఇందుశేఖర్ గారికి చెప్పాను. ఎండలో ఎందుకని ఆయన గొడుగు పంపించారు. గొడుగు వాడుకుంటున్నాను, కోపం అలాగే ఉంది.

గవిరయ్య చివర వచ్చాడు. రేపు పైకెక్కేవాళ్ళవి ముందు చెయ్యమని అందరినీ తన ముందుకు పంపాడు. రసమట్టం పెట్టాను. బుడగ ఎడమ చివరకు పోయి ఆగింది. రాశాను. మట్టి తియ్యబోతుంటే, నాకు సాయం చేద్దామని కుడిచెయ్యి తొట్టెలో పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు.

“ఏమైంది?” అన్నాను.

“సిటికినేలికి సల్లగా తగిలినాదప్పా.”

“మిగతావాటికి?”

చాలాసేపు చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ మట్టిలో కదిపాడు. తల అడ్డంగా ఊపాడు.

ఇంత మట్టిలో, ఇరవై ఆరు చెంబుల నీళ్ళలో, ఒక్క వేలు. మిగతా నాలుగు వేళ్ళ సంగతి ఈ పుస్తకం చదివేవాళ్ళు చెప్పాలి. ఈ పేజీ కింద మాత్రం ‘సరి’ అని వేయకండి.